నోటికి వచ్చిన నియమము, చేతికి రావలసిన నియమము

ఛందస్సు చదివిన తెలుగు విద్యార్థికి రెండు తెఱగుల జ్ఞాపక సూత్రములు పరిచితములై యుండును. ‘మసజసతతగ’ యనగానే శార్దూలమనియు, ‘సభరనమయవ’ యనగానే మత్తేభమనియు తడుముకొనక చెప్పగలవాడు, ఆ వరుసలో నొక్క యక్షరము మనస్సునుండి జాఱిపోయెనేని, దానిని మరల రాబట్టుకొనుటకు ఉపాయమేమియు లేక గురువుగారి ముఖము చూచుచు నిలువవలసినదే. ‘యమాతారాజభానసలగం’ అట్టిది కాదు. అందు ఏ యక్షరముకడ నిలిచి వరుసగా మూడక్షరములు పలికినను, ఆ యక్షరము పేరిటి గణము తన గురులఘు స్వరూపముతో అక్కడనే ప్రత్యక్షమగును; ‘యమాతా’ యన్నచో యగణము, ‘రాజభా’ యన్నచో రగణము, ‘నసల’ యన్నచో నగణము. మొదటి సూత్రము నియమమునకు పైనుండి తగిలించినది. రెండవదాని యందు నియమమే యిమిడియున్నది గనుక, మఱచినవాడు సైతము సూత్రమునుండి నియమమును మరల పుట్టించుకొనగలడు.

రైల్వే కొలువునందలి సిగ్నలు నియమములను, భద్రతా విధులను కంఠస్థము చేయుటకై నేడు వాడుకలోనున్న ఉపాయములలో పెక్కులు మొదటి తెగకు చెందినవనియు, కావలసినవి రెండవ తెగకు చెందినవనియు ఈ వ్యాసమున మనవి చేయదలచితిని. లోకో పైలట్టుగాని, స్టేషన్ మాస్టరుగాని, ఇటీవల ట్రైన్ మేనేజరను పేరు పొందిన గార్డుగాని, పాయింట్స్‌మన్‌గాని, గేట్‌మన్‌గాని, తన విధికి సంబంధించిన మేరకు 1976 నాటి సాధారణ నియమములను, వానికి తన మండలమువారు చేర్చిన అనుబంధ నియమములను నేర్చి, పరీక్షయందు నెగ్గి, కొంతకాలమున కొకమారు పునశ్చరణ శిక్షణకు పోయి మరల నెగ్గవలసియుండును. ఆ గ్రంథము స్థూలమైనది. ఒక్కొక్క నియమమునకు మినహాయింపు, ఆ మినహాయింపునకు మఱియొక షరతు, వానిపై కాలానుగుణముగా అతికింపబడు దిద్దుబాటు చీటీలు. వీనినన్నింటిని మనస్సున నిలుపుకొనజాలని విద్యార్థి సహజముగా అడ్డదారి వెదకును. అంగడిలో దొరకు ప్రశ్నోత్తరమాలికలు అట్టివానికి ఆంగ్ల పదముల తొలి యక్షరములను కూర్చి కట్టిన అర్థరహితమైన మాటలను అందించుచున్నవి. వానితో పరీక్ష గట్టెక్కవచ్చును. అర్ధరాత్రివేళ, వాన కురియుచుండగా, రెండు స్టేషన్ల నడుమ ఆగిపోయిన బండి కడపటి పెట్టెనుండి దిగి నిలుచున్న గార్డునకు ఆ యక్షరముల మాల ఎంతవరకు అక్కఱకు వచ్చునో సందేహమే.

నియమములను తొలుత కూర్చినవారు మాత్రము ఈ మర్మము నెఱుగనివారు కారు. ఇరుగుపొరుగు స్టేషన్ల నడుమ బ్లాకు యంత్రముల ద్వారా నడచు గంటల సంకేతములను పరికించినవారికి ఆ సంగతి తేటపడును. ఒక్క దెబ్బ కొట్టినచో, నా వైపు దృష్టి నిలుపుము, టెలిఫోను ఎత్తుము అని యర్థము. రెండు కొట్టినచో, లైన్ క్లియర్ కలదా యని ప్రశ్న. మూడు, బండి బ్లాకు సెక్షనులో ప్రవేశించినదని వార్త. నాలుగు, బండి సెక్షనును విడిచి చేరినదని వార్త. బండి యొక్క ప్రయాణక్రమమును అంకెల క్రమమును ఒక్కటే యగుటచేత, నాలుగవ దెబ్బ యర్థము మఱచినవాడు సైతము, మూడవదాని తరువాత జరుగవలసిన దేమని ఆలోచించినచో దానిని పట్టుకొనగలడు. ఐదు, ఇంతకుముందిచ్చిన సంకేతము రద్దు. ఆరు, అపాయము. ఆ యాఱింటి తరువాత కొంచెము విరామమిచ్చి కొట్టు దెబ్బలు అపాయమెట్టిదో తెలుపును: ఒకటి యన్నచో బండిని ఆపి పరీక్షింపుమనియు, రెండన్నచో కడపటి పెట్టెకు టెయిల్ ల్యాంపు లేకయే బండి పోయినదనియు, మూడన్నచో బండి తెగిపోయినదనియు, నాలుగన్నచో పెట్టెలు విడివడి ఎదురుదిశగా పరుగెత్తుచున్నవనియు, ఐదన్నచో సరియైన దిశలోనే పరుగెత్తుచున్నవనియు అర్థము. ఇచట గమనింపదగినది మఱియొకటి కలదు. స్టేషన్ మాస్టరు తత్తరపాటున ఆ చివరి దెబ్బల లెక్క తప్పినను, ఆరు దెబ్బలు విన్నంతనే బండిని ఆపివేయవలెనను ముఖ్యవిషయము ముందే చెవి సోకియుండును. వివరము మఱపున పడినను ప్రాణరక్షణము మఱపున పడకుండునట్లు ఏర్పఱచిన కూర్పు ఇది. (మన అవధానములలో ఘంటాగణనమను నొక అంశము కలదు, కవిత్వధార నడచుచుండగనే కొట్టిన గంటలెన్నియో అవధాని లెక్క గట్టి చెప్పవలెను. ఒక చెవి టెలిఫోనునకు, ఒక చేయి రిజిస్టరునకు ఒప్పగించి, బ్లాకు గంట లెక్కించుచు, కిటికీవద్ద టిక్కెట్టు అడుగువానికి బదులు చెప్పెడి చిన్న స్టేషను మాస్టరు ఏ సన్మానమును లేకయే ఆ విద్యను దినదినము ప్రదర్శించుచున్నాడు.)

సిగ్నలు స్తంభములపైని అక్షర ఫలకములును ఇట్టివే. ఎఱ్ఱదీపము వెలుగుచుండగా ఆగవలెనను నియమము పసిపిల్లలకును తెలిసినదే. లోకో పైలట్టు పరీక్ష అంతతో ముగియదు. ఆగిన పిమ్మట ఏమి చేయవలెననునదే కష్టమైన పాఠము, ఏలయన దాని సమాధానము స్తంభమును బట్టి మాఱుచుండును. స్తంభముపై ‘ఏ’ యను ఆంగ్లాక్షరమున్నచో అది ఆటోమేటిక్ సిగ్నలు. పగటివేళ ఒక్క నిమిషము, రాత్రివేళ రెండు నిమిషములు నిలిచి, అప్పటికిని ఎఱుపు మాఱనిచో, ముందున్న బండినిగాని అడ్డంకినిగాని చూచి ఆగగలిగినంత మెల్లగా సాగవచ్చును. ‘జి’ యన్నచో అది గేటు సిగ్నలు. అక్కడను కూత వేసి, పగలు ఒకటి, రాత్రి రెండు నిమిషములు వేచి, లెవెల్ క్రాసింగు వఱకు మాత్రమే మెల్లగా పోయి, గేట్‌మన్ చేతి సంకేతము చూచినపిమ్మట దాటవలెను. ‘ఐబి’ యన్నచో వ్యవహారము వేఱు. స్తంభమునకు అమర్చిన టెలిఫోనుతో వెనుకటి స్టేషన్ మాస్టరును సంప్రదింపవలెను, ఆ టెలిఫోను పలుకనిచో ఐదు నిమిషములు వేచియుండవలెను. ఏ యక్షరమును లేని వట్టి స్తంభమన్నచో నిమిషముల ప్రసక్తియే లేదు. వ్రాతపూర్వకమైన అనుమతిగాని, నియమములు చెప్పిన మఱియొక అధికారముగాని చేతికి అందువఱకు తెల్లవాఱినను అక్కడనే యుండవలెను.

ఈ పట్టిక కంఠస్థము కావలెనన్నచో తెలుగునుడికారము తానే దారి చూపును. ‘పగలొక్కటి, రేయి రెండు’ అన్న చిన్న తునక నోట పడినదా, జీవితకాలము మఱపునకు రాదు. కాని ఆ తునకలోనే ముప్పును పొంచియున్నది. దానిని మాత్రము కంఠస్థము చేసినవాడు, అక్షరములేని హోమ్ సిగ్నలు కడనో స్టార్టరు కడనో రేయి రెండు నిమిషములు నిలిచి, నియమము పాటించితినను నిశ్చింతతో ముందుకు సాగెనేని, ఆ సూత్రమే అతనిని, అతని వెనుకనున్న వందలాది ప్రయాణికులను మృత్యుముఖమునకు ఈడ్చుకొనిపోగలదు. కావున సూత్రము నిమిషములతో మొదలు కారాదు, స్తంభముపై కన్ను నిలుపుటతో మొదలు కావలెను. ‘అక్షరమున్నదా’ యను ప్రశ్న ముందు, ‘ఎంతసేపు’ అను ప్రశ్న తరువాత. ‘గుఱుతు చూడు, గడియ చూడు, దారి చూడు, గుఱుతు లేదా, కదలకు’ అని నేనైతే కట్టుదును. దీనికి ప్రాసయు లేదు, యతియు లేదు. ఎవరైన రసికుడగు డ్రైవరు దిద్దినచో సంతోషింతును. అయితే క్రమము మాత్రము మాఱరాదు.

ఈ విషయమై ఇంతగా చెప్పుటకు కారణము లేకపోలేదు. 2023 అక్టోబరు 29వ తేదీ ఆదివారపు సాయంసమయమున విజయనగరము జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల నడుమ, విశాఖపట్టణమునుండి పలాసకు పోవుచున్న పాసింజరును వెనుకనుండి వచ్చిన రాయగడ పాసింజరు ఢీకొనెను. పదిమందికి పైగా అసువులు బాసిరి. లోపభూయిష్టముగా నుండిన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లను వెనుకటి బండి నియమవిరుద్ధముగా దాటినదని ప్రాథమిక విచారణ తేల్చెను. అట్టి సిగ్నలు కడ ఆ వేళ రెండు నిమిషములు ఆగి, గంటకు 10 కిలోమీటర్లకు మించని వేగముతో సాగవలెనన్నది విధి. ఆ బండి నడపిన ఇరువురును ఆ ప్రమాదముననే మరణించిరి గనుక, ఆ నిమిషములయందు వారి మనస్సులలో ఏమి మెదలెనో చెప్పువారు లేరు. చనిపోయినవారిపై నిందమోపి మన మనస్సును కుదుటపఱచుకొనుట సులభము.

ఆ నింద చాలదని చెప్పుటకు మఱుసటి యేటి రంగాపాని దుర్ఘటనమే సాక్ష్యము. 2024 జూన్ 17వ తేదీన పశ్చిమ వంగమున ఆగియున్న కాంచన్‌జంఘా ఎక్స్‌ప్రెస్సును వెనుకనుండి ఒక గూడ్సు బండి గుద్దెను. ఆ యుదయమునుండి అచట ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయకుండుటచే బండ్లకు టి/ఏ 912 అను అనుమతి పత్రములు ఇచ్చుచుండిరి. రైల్వే భద్రతా కమిషనరుగారి విచారణయందు వెల్లడియైన సంగతి యేమనగా, సిగ్నళ్లు చెడినప్పటినుండి ఆ సెక్షనులో ప్రవేశించిన ఏడు బండ్లలో, చెడిన ప్రతి సిగ్నలు కడను ఒక నిమిషము ఆగుచు, గంటకు 15 కిలోమీటర్లకు లోబడి నడచినది కాంచన్‌జంఘా ఒక్కటియే. తక్కిన ఆరును ఆ విధి ననుసరింపలేదు. నియమము పాటించిన బండియే దెబ్బ తినుట విధివిలాసమనుడు, మఱేమైన ననుడు. ఒక్కడు తప్పినచో అజాగ్రత్త యనవచ్చును. ఒక్క పూటలో ఆరు బండ్లవారు ఒకే నియమమును ఒకే తీరున తప్పిరన్నచో, అది వారికి నేర్పిన తీరునందలి లోపము. పత్రము చేతికి వచ్చినంతనే ఆగవలసిన బాధ్యత తొలగిపోయినదని కొందఱు, వేగము మన యిష్టమని కొందఱు తలచియుందురు. పత్రమున వేగపు ముచ్చట లేకపోవుటయు, ఇట్టి సందర్భమున నడచుకొనవలసిన తీరును సిబ్బందికి చాలినంతగా బోధింపకపోవుటయు ఆ విచారణయందే బయటపడినవి.

మఱపు మనుష్యధర్మమని రైల్వేవారు నూఱేండ్లకు పూర్వమే రక్తము చిందించి నేర్చుకొనిరి. 1915 మే 22వ తేదీన స్కాట్లండు దేశమున క్వింటిన్స్‌హిల్ అను సిగ్నలు కేబిను కడ జరిగిన ప్రమాదమున రెండువందలమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు యుద్ధమునకు పోవుచున్న సైనికులు. ఆ యుదయము కేబినులో పని చేపట్టిన సిగ్నల్‌మాన్ తాను ఏ లోకల్ బండి ఎక్కి వచ్చెనో, ఆ బండియే తన కన్నుల యెదుట, తన కేబిను ముందటి లైనుపై నిలిచియుండగా, దాని యునికిని పూర్తిగా మఱచి సైనికుల బండికి దారి యిచ్చెను. అతడు ఆ సమయమున నిద్రపోవుటలేదు, త్రాగియుండలేదు. తాను ఆలస్యముగా వచ్చిన సంగతి బయటపడకుండుటకై, రాత్రి డ్యూటీవాడు చిత్తుకాగితముపై వ్రాసియుంచిన బండ్ల రాకపోకలను తన దస్తూరితో రిజిస్టరులోనికి ఎక్కించుచుండెను. జ్ఞాపకార్థమై యేర్పడిన రిజిస్టరును నింపుటలో మునిగి, జ్ఞాపకముంచుకొనవలసిన బండినే అతడు మఱచుట ఎంతటి విపరీతము! అట్టి మఱపును నివారించుటకే ఆనాడు రెండు సాధనములుండెను. లైనుపై బండి నిలిచియున్నపుడు ఆ లైనునకు సంబంధించిన సిగ్నలు లీవరునకు ఒక ఇనుప కాలరు తొడుగుట మొదటిది; అది యున్నంతవఱకు లీవరు లాగుటకు వీలుండదు. నిలిచిపోయిన బండి ఫైర్‌మన్ స్వయముగా కేబినుకు నడచివచ్చి, మా బండి ఇక్కడ నున్నదని సిగ్నల్‌మానునకు గుఱుతు చేయుట రెండవది. ఫైర్‌మన్ వచ్చెను, రిజిస్టరులో సంతకము చేసెను, కాలరు తొడిగిరో లేదో చూడకయే వెడలిపోయెను. కాలరు తొడుగబడలేదు.

లీవరు కాలరు నేటికిని మన స్టేషన్లలో కలదు; ప్యానెలు ఉన్నచోట బొత్తాము కాలరు రూపమున నున్నది. సింగిల్ లైను సెక్షన్లలో డ్రైవరు చేతికి అందించు నీల్ బాల్ టోకెను, కడపటి పెట్టెకు తగిలించు ‘ఎల్‌వి’ ఫలకము, గేట్‌మన్‌కును స్టేషన్ మాస్టరునకును నడుమ ఇచ్చిపుచ్చుకొను ప్రైవేట్ నంబరు, ఇవన్నియు ఈ జాతివే. టోకెను చేతనున్న డ్రైవరు, నాకు లైను ఇచ్చిరా లేదా యని జ్ఞాపకము చేసికొననక్కఱలేదు. అందు చెక్కిన స్టేషన్ల గుఱుతులు తన సెక్షనువేనా యని చదువుకొనిన చాలును. గేటు వేసితినని గేట్‌మన్ ఊరకే చెప్పిన చాలదు. తన కాగితములోని నంబరును వరుస తప్పక ఒకటి చెప్పవలెను, దానిని మాస్టరు వ్రాసికొనవలెను. ‘చెప్పితిననుకొంటిని’ యను మాటకు ఇందు తావు లేదు. శిక్షణాలయములలో వీనిని కేవలము విధులుగా వల్లెవేయింతురు గాని, ఇవి మఱపునుండి కాపాడుటకై యేర్పడిన సాధనములనియు, ఏ ప్రమాదమున ఏ మనుష్యుడు మఱచుటచే ఇవి పుట్టినవనియు చెప్పు అధ్యాపకులు అరుదు. క్వింటిన్స్‌హిల్ కథ నొక్కమారు విన్న పాయింట్స్‌మన్ కాలరు తొడుగుటను మఱచునని నేను నమ్మజాలను.

జ్ఞాపక సూత్రములతో మఱియొక చిక్కు కలదు. నియమము మాఱినను సూత్రము మాఱదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్ల రైల్వేలలో దీపముల భాష నేటి భాష కాదు. తెల్లదీపము దారి యున్నదనుటకును, ఆకుపచ్చ దీపము మెల్లగా సాగుమనుటకును గుఱుతులు. ఎఱుపు ఒక్కటియే నాటికిని నేటికిని ఎఱుపు. ఆ మూడు రంగుల యర్థములను బిగించి ఒక చిన్న గేయము రైల్వే కూలీల నోట నానుచుండెడిది. అయితే ఎఱ్ఱగాజు పగిలినచో లోపలి దీపము తెల్లగా కనబడి, ఆగవలసిన చోట పొమ్మని చెప్పుచుండుటచేత, ఊళ్లలో తెల్లని వీధిదీపములు పెరిగి సిగ్నలు ఏదో దీపమేదో తెలియక పోవుటచేతను, ఆ శతాబ్దపు చివర తెలుపును తొలగించి ఆకుపచ్చను దారి యున్నదను నర్థమున నిలిపిరి. గేయము మాత్రము ముసలివారి నాలుకలపై పాతయర్థముతోనే నిలిచియుండును గదా! మన నియమావళికి దిద్దుబాటు చీటీ వచ్చును, అది పుటపై అతికింపబడును, సంతకము తీసికొనబడును. నాలుకపై అతికింపదగిన చీటీని ఎవరును ఇంకను ముద్రింపలేదు.

చేతితోను నోటితోను కలిపి చేసిన పనిలో పొరపాట్లు తగ్గునని జపానీయులు తమ రైల్వేలలో కనుగొనిరి. అక్కడి డ్రైవరు సిగ్నలును వ్రేలితో చూపి, దాని స్థితిని బిగ్గఱగా పలికి, పిమ్మట ముందుకు సాగును. చూచుట, చూపుట, పలుకుట, వినుట అను నాలుగు పనులొక్కసారి జరుగుటచే మనస్సు పరధ్యానమున పడుటకు సందు చిక్కదు. 1994లో అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థవారు జరిపిన ప్రయోగమున, ఇట్లు చూపి పలికినవారి పొరపాట్లు ఆ రెండును చేయనివారితో పోల్చినపుడు ఆఱవ వంతునకు తగ్గినట్లు తేలెను. మన నియమములలోను ఈ భావము లేకపోలేదు: లోకో పైలట్టును, అసిస్టెంటును ప్రతి సిగ్నలును కనబడినంతనే గుర్తించి, దాని స్థితిని ఒకరికొకరు పలికి చెప్పుకొనవలెనని సాధారణ నియమములే విధించుచున్నవి. అది మంత్రజపమువలె మాఱకుండ చూచుట యొక్కటే మిగిలిన పని. దూరమునుండి పసుపు కనబడగా అలవాటు చొప్పున ఆకుపచ్చ యని పలికిన అసిస్టెంటునకు డ్రైవరు వెంటనే అడ్డుచెప్పవలెను; కాని వయస్సునను హోదాయందును చిన్నవాడగు అసిస్టెంటు పెద్ద డ్రైవరుగారి పొరపాటును అంత గట్టిగా దిద్దగలడా? మన సంఘమర్యాదలలో ఇది చిన్న సమస్య కాదు. ‘సార్, పసుపు’ అను రెండు మాటలను సంకోచము లేక పలికించుటయు శిక్షణలో ఒక పాఠము కావలెను.

ఏది కంఠస్థము చేయవలెను, ఏది చేయరాదు అనుదానిని మన శిక్షణ నిర్ణయించినట్లు కనబడదు. నా మట్టుకు గడియారము చూచుకొనుటకైనను వ్యవధి లేని పనులు మాత్రమే నోటికి, చేతికి రావలెను. నడిదారిని బండి ప్రమాదమునకు లోనై ప్రక్కలైను సైతము మూసికొనిపోయినపుడు, ఎదురుబండి వచ్చులోపల ఫ్లాషర్ దీపము వెలిగించి, ముందు ఆ ప్రక్కలైనును కాపాడవలెనని పుస్తకము తెఱచి చూచుటకు సమయముండదు. బ్రాడ్‌గేజి లైనుపై బండినుండి 600 మీటర్ల దూరమున ఒక డిటోనేటరు, 1200 మీటర్లకు తక్కువ కాని దూరమున పదేసి మీటర్ల యెడముతో మూడు డిటోనేటర్లు పట్టాలపై అమర్చవలెనను నియమము గార్డు కాళ్లకు సైతము తెలిసియుండవలెను. ‘ఆరువందలొకటి, పన్నెండువందల మూడు’ అని నడచుచు పలుకుకొనవచ్చును. దూరము రెట్టింపగుచుండగా డిటోనేటర్లు ఒకటినుండి మూడగుట, ముందుగా వచ్చు డ్రైవరునకు గట్టి హెచ్చరిక, దగ్గఱకు వచ్చినపుడు మరల నొక్కమారు జ్ఞాపకము చేయుట అను ఉద్దేశముచేతనేనని వివరించినచో, ఆ సంఖ్యలు తారుమారు కావు. కూతలును అట్టివే: మూడు పొట్టి కూతలన్నచో గార్డు బ్రేకులు వేయవలెను, నాలుగు పొట్టి కూతలన్నచో బండి కదలదు, వెనుక కాపు కాయవలెను.

దీనికి భిన్నముగా, ఆటోమేటిక్ సిగ్నళ్లు మూకుమ్మడిగా చెడిపోయినపుడు ఏ పత్రము ఇయ్యవలెను, అందేమి వ్రాయవలెను, ఏ వేగము పేర్కొనవలెను అను వ్యవహారము ఏడాదికొకమారైన తటస్థింపనిది. బండి నిలిచియే యుండును గనుక అందు తొందరయు లేదు. దానిని కంఠస్థము చేయించుట వృథా మాత్రమే కాదు, ప్రమాదకరము. ఏలయన సగము జ్ఞాపకమున్నవాడు పుస్తకము తెఱువడు. అట్టి సందర్భములలో చూచి చదువుకొనుచు చేయుట నామోషి కాదనియు, చదువక చేయుటయే నేరమనియు నియమింపవలెను. టి/ఏ 912 పత్రముపైననే ఆగవలసిన నిమిషములును, మించరాని వేగమును పెద్ద యక్షరములలో ముద్రించియుండినచో, రంగాపాని కడ ఆ ఆరు బండ్లవారికి జ్ఞాపకశక్తితో పని లేకపోయెడిది.

ఇక ‘కవచ్’ వచ్చుచున్నది, యంత్రమే బండిని ఆపును, ఈ వల్లెవేతలు దేనికి అనువారు కలరు. దక్షిణ మధ్య రైల్వే పట్టాలపైననే పరీక్షింపబడి, 2020లో దేశమంతటికిని అంగీకరింపబడిన ఆ సాధనమును స్వాగతింపనివా డుండడు. త్వరగా అన్ని లైన్లకును రావలెననియే నా కోరిక. అయితే యంత్రములను అమర్చునది, మరమ్మతు చేయునది మనుష్యులే. 2023 జూన్ 2వ తేదీన బహనగా బజార్ స్టేషను కడ దాదాపు మూడువందలమంది ప్రాణములు పోవుటకు కారణము, సిగ్నలు సర్క్యూటులలో అంతకుముందు జరిగిన మార్పులలోను, ఆనాడు లెవెల్ క్రాసింగు కడ జరిగిన పనిలోను దొర్లిన లోపములే యని విచారణయందు తేలెను. మెయిన్ లైను మీదుగా పొమ్మని ఆకుపచ్చ దీపము చూపుచుండగా, పట్టాలు మాత్రము కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సును లూప్ లైనులోనికి మళ్లించినవి. పైగా యంత్రము ఎంత నమ్మకముగా పనిచేయునో, అది చెడినపుడు పాటింపవలసిన నియమము అంత అరుదుగా వాడుకకు వచ్చును. అరుదుగా వాడునదియే త్వరగా మఱపునకు వచ్చును. కవచ్ వచ్చినపిమ్మట శిక్షణ భారము తగ్గదు, దాని స్వరూపము మాఱును.

భాష సంగతియు చెప్పవలసియున్నది. కొలువునకై వ్రాయు పరీక్ష తెలుగులో వ్రాయవచ్చును. కొలువున చేరినపిమ్మట చేతికి వచ్చు నియమావళి ప్రధానముగా ఆంగ్లమునను హిందీలోను నున్నది. నియమములనుగాని, వాని యనువాదమునుగాని, తన విధికి చెందిన భాగమునుగాని ప్రతి బాధ్యత గల ఉద్యోగికి ఇయ్యవలెనని సాధారణ నియమములే చెప్పుచున్నవి. అనువాదమనగా ఎవరికిని అర్థముకాని కృతకపదముల మూట కారాదు. గ్యాంగ్‌మన్, కీమన్, గేట్‌మన్ తమలో తాము మాట్లాడుకొను మాటలలో, లైన్ క్లియర్‌ను లైన్ క్లియర్‌గనే యుంచి, వాక్యము మాత్రము తెలుగు నడకలో నడచినచో చాలును. గణితశాస్త్రమును పద్యములలో చెప్పిన పావులూరి మల్లన పుట్టిన నేలపై, డిటోనేటరు దూరములను ఒక ద్విపదలో చెప్పగలవాడు దొరకడని అనుకొనను. గుంతకల్లు, కాజీపేట, విజయవాడ లాబీలలో డ్యూటీకి సంతకము పెట్టుటకై వేచియుండు డ్రైవర్లలోనే అట్టివారు కొందఱుందురు.

విశాఖపట్టణము కేంద్రముగా రూపుదిద్దుకొనుచున్న దక్షిణ కోస్తా రైల్వే తన అనుబంధ నియమములను తాను కూర్చుకొనవలసియుండును గనుక ఇందుకు ఇదియే అదను. మౌలాలి శిక్షణాలయమువారు, 1957 నుండి సికిందరాబాదున సిగ్నలు విద్యను బోధించుచున్న ఇరిసెట్ వారు, లోకో ఇన్‌స్పెక్టర్లు, పని తెలిసిన గేట్‌మన్లు కొందఱు, ఛందస్సు తెలిసినవా రొకరిద్దరు కలిసి కూర్చుండి, నోటికి రావలసిన నియమములేవో ముందు ఏఱి, అవి పాతిక ముప్పదికి మించకుండునట్లు చూచి, ఒక్కొక్కదానికి దాని కారణముతో కూడిన సూత్రమును కట్టవలెను. పునశ్చరణ పరీక్షలో, రాత్రివేళ ఎఱ్ఱదీపముతో నిలిచిన అక్షరములేని స్తంభము చిత్రమును చూపి, ఏమి చేయుదువు, ఎందుకు అని అడుగవలెను. పత్రములకు సంబంధించిన ప్రశ్నలకు పుస్తకమును బల్లపై తెఱచియుంచి వ్రాయనియ్యవలెను. నియమమునకు దిద్దుబాటు చీటీ వెలువడిన ప్రతిపర్యాయమును, దానిపై సంతకము చేయు అధికారియే ఆ నియమపు సూత్రమును మరల చదివి, మార్చవలసినచో మార్పించి, పాతపాఠము రద్దైనదని లాబీలోను, గేటు గుమటీలోను ప్రకటింపజేయునట్లు మండల కార్యాలయములు ఏర్పాటు చేయవలెను.